వదిన తుపాకీకి గాలి పడదు

మా ఆర్డిస్ వదినకు యాభై ఎనిమిదేళ్ళు. మా అన్న పోయినప్పటి నుంచి స్కూలు బస్సు నడుపుతోంది. ఎంత మంచు కురిసినా ఒక్క బిడ్డకు కూడా గోరంత గీత పడనివ్వలేదని మా చుట్టుపక్కల పశువుల కొట్టాల వాళ్ళంతా అంటారు. మోంటానాలో వేరే మాటలే కరువైనట్టు అదే అంటారు. నేను కాఫీ తాగుతూ వింటాను.

స్టెన్‌రూడ్ పెద్దాయన లూసర్న్ గడ్డి చేలో నేల ఉడుతల్ని కాల్చే పని పదకొండేళ్ళు నాదే. వాటి బొరియల్లో కాలు పడితే దూడల కాళ్ళు విరుగుతాయి. ఆ పనికి కూలి ఉండదు. చేను గేటు తాళంచెవి చేతికిస్తారు, మాకు అదే బిరుదు. కిందటేడు ఆ తాళంచెవి వదిన చేతికి పోయింది. ఎందుకంటే ఆవిడ 'పదిహేడు' కొంది.

పదిహేడంటే పెన్సిలు కంటే సన్నటి తూటా వేసే తుపాకీ. చప్పుడు తక్కువ. భుజానికి దెబ్బ తగలదు, దుర్భిణిలోంచి గురి చెదరదు. నూట యాభై గజాలు గీత గీసినట్టు పోతుంది. నా పాత తుపాకీ 'ఇరవై రెండు', దాని తూటా అక్కడికి చేరేలోపు ఉడుత చుట్టాల్ని కూడా పిలుచుకుని లోపలికి పోతుంది. నాకు కడుపు మండిపోయింది. అందుకే దాని లోపాలన్నీ కంఠతా పట్టి కాఫీ కొట్టులో ఒప్పజెప్పేవాణ్ణి. గాలి వీస్తే ఆ తేలిక తూటా పక్క ఊరికి పోతుందనీ, తూటాల ధర మండుతుందనీ, గుంటనక్క ఎదురైతే చాలదనీ చెప్పేవాణ్ణి. అన్నీ నిజాలే. అయినా ఎవరూ నమ్మినట్టు కనబడలేదు.

మే నెలలో ఒక శనివారం వదిన వెంట నేనూ నా 'ఇరవై రెండు' పట్టుకుని చేలోకి వెళ్ళాను. కొండవైపు నుంచి గాలి లేచింది. వదిన తూటా తీసేసి తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్దాయన తన బండిలో గట్టు మీదనుంచి చూస్తున్నాడు. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకున్నాను.

"ఏం వదినా, నీ తుపాకీ అలిగిందా?"

"గాలి చూడు మరిదీ. దీంతో ఇవాళ కాల్చకూడదు."

"అలా కూర్చోడానికేనా పెద్దాయన నీకు తాళంచెవి ఇచ్చింది?"

"కూర్చోవడం కూడా పనేలే. నువ్వూ కూర్చో. అటు రాళ్ళ నేల, నీ తూటా ఎగురుద్ది."

"నాకు నేర్పుతున్నావా? పదకొండేళ్ళు కాల్చినవాణ్ణి!"

కాల్చాను. ఉడుత హాయిగా లోపలికి పోయింది. రాయి మీద టంగుమని మోగింది. ఆ వెంటనే గట్టు కింద ఒక దూడ అరిచింది.

అప్పటికి దూడల వైపు తిరిగి ఉన్న పెద్దాయన బండి దిగి పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు కాల్చింది?"

నేను నోరు తెరిచేలోపే వదిన లేచింది. "నేనే పెద్దాయనా. గాలికి పక్కకు పోయింది."

ఆయన దూడ దగ్గరికి పోయి తొడ మీద వేళ్ళతో తడిమాడు. చర్మం కింద ఏదో గట్టిగా తగిలింది. చాకుతో పైకి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నలిగిన సీసం ముద్ద అది.

"అమ్మాయ్, నీ తూటా దేనికి తగిలినా పొడైపోద్ది. రాయి మీద ఎగిరి ఇంతదూరం రాదు, ఇట్లా మిగలదు," అన్నాడు. తర్వాత నా వంక చూశాడు. "దూడ బతుకుద్దిలే, లీలాండ్. నువ్వు మాత్రం ఈ గేటు దాటకు."

వదిన మొహం కందగడ్డలా అయింది. తల దించుకుని బూటుతో మట్టిని తన్నుతోంది.

ఆవిడ చేతగాక చెడగొట్టగా నేను చూసిన పని అదొక్కటే, నాకోసం ఆడిన అబద్ధం. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆవిడకూ చేతగానిది ఒకటుందని ముందు నాకు సంతోషమే వేసింది.