నేరేడు రంగు శనివారం

మదనపల్లెలో నేను నడిపే ఈ రంగుల షెడ్డులో రాగి బాన మూత తీసినప్పుడల్లా తడిసిన పట్టుదారం వాసనా, పులిసిన ఆసిడ్ ఘాటూ కలిసి ముక్కులోకి దూరతాయి. వీధంతా ఆ వాసనకు మొహం తిప్పుకుంటుంది గాని నాకు మాత్రం అది పుంగనూరులో మేం పెరిగిన ఇంటి వాసన. కాకపోతే ఈ మధ్య ఆ ఇల్లు కళ్లముందుకు వచ్చేలోగానే షెడ్డు వెనక వరసగా నిలబెట్టిన ఎనిమిది నీలం డ్రమ్ములూ, వాటినిండా వాడేసిన రంగునీళ్లూ గుర్తొస్తున్నాయి.

మా నాయన పట్టుదారానికి రంగులద్దేవాడు. మదనపల్లె నేతగాళ్లు తెల్లదారం కట్టలు బస్సు మీద వేసి పంపితే, రంగు పట్టించి, నీడన ఆరబెట్టి, తిరుగు బస్సుకు వేసేవాడు. ఉన్నది ఒకటే బాన. సోమవారం పొద్దున దానినిండా మంచినీళ్లు పోసి పసుపు వేసేవాడు. ఆ నీళ్లు పారబోయకుండా, ఇగిరిన మేరకు మళ్లీ కాసిని పోసి, మంగళవారం నారింజ, బుధవారం ఎరుపు, ఆపైన కుంకుమ, వంగపండు, చివరికి శనివారం నేరేడు. లేతరంగు నుంచి ముదురురంగుకు వారమంతా ఒకటే నీళ్లు. శనివారం సాయంత్రం మిగిలిన పలచటి నీళ్లను పెరట్లో బూడిదా ఇసుకా పరిచిన గుంతలోకి వంపి, అవి ఇంకి ఎండాక, అడుగున తేరిన మడ్డిని గీకి బంకమట్టిలో కలిపి పాక గోడకు మెత్తేవాడు. అందుకే మా పాక గోడ ఊళ్లో ఎవరికీ లేని రంగులో ఉండేది. "నీళ్లను ముదరనియ్యాలమ్మా. తొందరపడి పారబోస్తే కట్టెలూ దండగ, రంగూ దండగ, పైన పాపం ఒకటి," అనేవాడు నాతో.

బడిలో మా అరచేతులు చూసి అయ్యవారు ఆరోజు ఏ వారమో చెప్పేసేవారు. అచ్చనగండ్లు ఆడుకునే గులకరాళ్లను సోమవారం బానలో ముంచితే పసుపుగా వచ్చేవి, శనివారానికి అవే నేరేడుపళ్లయ్యేవి. పక్కింటి చాంద్‌బీ వాళ్లది చింతపండు వ్యాపారం. ఎండలు మొదలయ్యే మాసి నెల వచ్చిందంటే వాళ్ల వాకిట్లో ఆడవాళ్లంతా వరసగా కూర్చుని చింతకాయలు కొట్టేవాళ్లు, ఆ పెంకులు గంపలకెత్తి మా పొయ్యికి పంపేది చాంద్‌బీ, ఆ పొయ్యి బూడిద మా గుంతలోకి పోయేది. చలికాలం అమ్మ అనపగింజలు నానబెడితే పిల్లలమంతా చుట్టూ చేరి పితికి, పప్పు చట్టిలోకీ తొక్కలు చాంద్‌బీ మేకకీ వేసేవాళ్లం. పితికిపప్పు కూర గిన్నెడు వాళ్లింటికి పోతే, రంజానుకు అదే గిన్నెలో సేమ్యా పాయసం తిరిగొచ్చేది. పారేసేదంటూ ఏదీ ఉండేది కాదు. మేమేదో గొప్పగా బతికామని కాదు, పారేసేంత మా దగ్గర ఉంటే గదా.

రెండిళ్లకూ బావి ఒకటే. మా గుంతకు పది బారల దూరం. ముందు నుయ్యి వెనక గొయ్యి అని అందరూ సామెతగా అంటారు, మా పెరడు అచ్చంగా అలాగే ఉండేది.

ఒక ఏడు వానలు సరిగా లేక నేతగాళ్లు దారం పంపడం తగ్గించారు. నెలన్నర మా ఇంట్లో సంగటి, ఊరిబిండి పచ్చడి తప్ప మరొకటి లేదు. అప్పుడు కుప్పం నుంచి ఒక షావుకారి మనిషి వచ్చి, పెళ్లిచీరలకు నేరేడు రంగు కట్టలు మంగళవారానికల్లా కావాలన్నాడు. నాయన శనివారమన్నాడు. ఆ మనిషి మూట ఎత్తుకుని లేచాడు. అమ్మ గడపలో నిలబడి నాయన మొహంలోకి చూసింది, అంతే. నాయన మూట దించమన్నాడు.

సోమవారమే నేరేడు వేశాడు. ఆ మరునాడే మదనపల్లె నుంచి పసుపు కట్టలు వచ్చాయి. నేరేడు నీళ్లలో పసుపు ఎలా ఎక్కుతుంది? బానెడు చిక్కటి నీళ్లు, వేడివేడివి, ఒక్కసారిగా గుంతలోకి వంపాడు. ఆ సాయంత్రమే, నెలల తరబడి మొహం చాటేసిన వాన కురిసింది. గుంత పొర్లింది.

పొద్దున బావిలోకి తొంగిచూసింది మొదట నేనే. నీళ్లు నేరేడు రసంలా ఉన్నాయి. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, నాకు సంతోషం పట్టలేదు. వీధి పిల్లలందరినీ కేకేసి పిలిచాను, మా బావికి రంగొచ్చిందని. పిల్లల వెనక పెద్దవాళ్లు వచ్చారు. చాంద్‌బీ చేద లాగి, అందులోకి చూసి, దాన్ని తెచ్చి నాయన ముందు పెట్టింది.

"ఏమప్పా, ఇంట్లో పసిపిల్లోళ్లు ఉండారు గదా. యాడికి పోయి తెచ్చుకోవాల నీళ్లు?" అంది.

నాయన రెండు రోజులు బావి తోడాడు. అరచేతులు బొబ్బలెక్కినా ఎవరినీ తాడు ముట్టనివ్వలేదు. అడుగున బురద కనిపించి, కొత్త ఊట తేటగా ఊరాక, చాంద్‌బీ వాకిట్లోకి వెళ్లి, "పది దినాలు నేను తాగుతా బూబమ్మా. నాకేం కాకుంటే అప్పుడు మీరు తోడుకోండి," అన్నాడు.

రోజూ పొద్దున గట్టు మీద నిలబడి, అందరూ చూస్తుండగా చెంబెడు తాగేవాడు. నేను నాలుక చాపమని అడిగేదాన్ని. రంగు ఉందేమోనని చూసి, లేకపోతే బడికి పోయేదాన్ని. రాత్రిళ్లు ఆయన దగ్గితే చాలు, ఆ పిల్లల్ని పిలిచింది నేనేనని దుప్పట్లో ఏడ్చేదాన్ని. ఆరోరోజు చాంద్‌బీ వచ్చి ఆయన చేతిలో చెంబు లాక్కుని, మిగిలిన సగం తను తాగేసింది. "సాల్లే అప్పా. నీకేమన్నా అయితే నా చింతపెంకులు ఎవురికియ్యాల?" అంది.

ఆ తర్వాత నాయన బతికినన్నాళ్లూ నేరేడు శనివారమే.

ఇప్పుడు దుకాణాలవాళ్లు ఫోనులో రంగు ఫొటో పంపి రేపటికి కావాలంటారు. రంగు రంగుకీ కొత్త నీళ్లు, పూట పూటకీ పారబోత. కాలువలోకి వదలకూడదని నోటీసు వచ్చింది, న్యాయమే. శుద్ధి చేయించడానికి తీసుకెళ్లే ట్యాంకరుకిచ్చేది మాత్రం నాకొచ్చే కూలికన్నా ఎక్కువ. నాయన పద్ధతి పెట్టి చూశాను, మూడు వారాల్లో సగం దుకాణాలు వేరే షెడ్లకు పోయాయి. భయపడి మళ్లీ మొదటికొచ్చాను. డ్రమ్ములు నిండాయి.

ఈరోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. నా దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న రవణప్ప డ్రమ్ముల దగ్గర నిలబడి, "వానొస్తాండాది అక్కా. కాలవలోకి ఇడిసేస్తే ఎవురికి తెలస్తాది? అందరూ ఇడుస్తానే ఉండారు," అన్నాడు. చెడ్డవాడు కాదు. షెడ్డు మూతపడితే ఇద్దరు పిల్లల్ని ఎలా చదివించాలా అన్నది వాడి బాధ.

పుంగనూరులో ఆ బావిని రాళ్లూ మట్టీ పోసి పూడ్చేశారు, పైన బైకులు నిలుపుతున్నారు. చాంద్‌బీ లేదు, నాయన లేడు. వాళ్లకైతే ఆ నీళ్లు ఎవరి బావిలో కలిశాయో తెలుసు, ఎవరి వాకిట్లోకి వెళ్లి నిలబడాలో తెలుసు. ఈ కాలువ ఏ చెరువుకు పోతుందో, ఎవరి బోరులో ఊరుతుందో నాకు తెలియదు. ఎవరి ముందు నిలబడి చెంబెత్తను నేను?

అంతలో ఫోను మోగింది. కుప్పం దుకాణం. నేరేడు రంగు, మంగళవారానికి.

"శనివారం ఇస్తానప్పా," అన్నాను.

"అయితే వద్దులేక్కా," అని పెట్టేశాడు.

మొదటి చినుకు డ్రమ్ము మీద టప్పుమని పడింది. రవణప్ప నా వైపే చూస్తున్నాడు.

"మూతలు బిగించప్పా," అన్నాను.