మంగళవారం చూచిరాత

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. గొప్పకి చెప్పడం లేదు. తెనాలిలో ఒక ఆసుపత్రిలో ఆరేళ్లు నేల తుడిచాను. మనుషులు పోయిన మంచాల మీద దుప్పట్లు మార్చాను. ఎప్పుడూ ఏ అలికిడీ వినలేదు. మా వేమూరులో ఎవరికన్నా పూనకం వచ్చిందంటే, ముందు ఆవిడ అన్నం తిందో లేదో కనుక్కోమనేదాన్ని. ఇప్పుడు నేను రాసేది కూడా దయ్యం సంగతి అనడం లేదు. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

ఆసుపత్రి పని మానేశాక తెనాలిలోనే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయాగా చేరాను. పన్నెండు సిస్టంలు, రెండు గదులు. పొద్దున రేపల్లె నుంచి వచ్చే ప్యాసింజర్ వేమూరులో ఎక్కి, వెళ్లి తాళం తీసేదాన్ని. ఊడవడం, తుడవడం, మంచినీళ్లు పట్టడం నా పని. సాయంత్రం నాలుగింటికల్లా ఇంటికి బయలుదేరేదాన్ని.

అప్పటికి నాకు నలభై మూడేళ్లు. చదువు లేదు. ఆ సంవత్సరమే మా ఊళ్లో పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పే బడి పెట్టారు. రోజూ సాయంత్రం ఐదింటికి, స్కూలు వరండాలో. సుశీల టీచర్ చెప్పేది. రోజుకో పేజీ చూచిరాత రాసుకు రమ్మనేది. ఎక్కడ ఏ అక్షరం కనపడితే అది చూసి రాయాలి. అర్థం కాకపోయినా పరవాలేదు, చెయ్యి తిరగాలి అనేది. తెచ్చిన పేజీ కింద ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టి తేదీ వేసేది. తేదీ వేయకపోతే మేం పాత పేజీలే మళ్లీ చూపిస్తున్నామని ఆవిడ అనుమానం. నిజానికి ఇద్దరు ముగ్గురు అలా చూపించారు కూడా.

నేను బస్సు బోర్డులు రాసేదాన్ని. సబ్బు కాగితాలు, గోడల మీద రాతలు రాసేదాన్ని. ఇంగ్లీషు అక్షరాలు బడిలో చెప్పలేదు గానీ, రోజూ కీబోర్డులు తుడిచి తుడిచి వాటి రూపాలు తెలిసిపోయాయి. మా ల్యాబ్‌లో పాఠాలు చెప్పే రజియా మేడం చిన్న అక్షరాలు కూడా ఒక కాగితం మీద రాసిచ్చింది. మాట చదవలేను. ఒక్కో అక్షరం గుర్తుపట్టి గీయగలను. అంతే.

ఆ మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటు పోయింది. ఎండాకాలం రోజూ రెండు గంటలు తీసేసేవాళ్లు. పిల్లలు వెళ్లిపోయారు, రజియా మేడం భోజనానికి ఇంటికి వెళ్లింది. ఒంటిగంటన్నరకి లోపలి గది తుడుస్తున్నాను. కిటికీ పక్కన ఆరో నంబరు సిస్టం తెర వెలుగుతోంది. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు. బ్యాటరీ మీద నడుస్తోంది కాబోలు అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు. ఆ రోజు చూచిరాత ఇంకా పూర్తి చేయలేదని గుర్తొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, సంచిలోంచి నోట్‌బుక్ తీసి రాసుకున్నాను.

అప్పటికే సగం పేజీలో సబ్బు కాగితం రాత ఉంది. మిగతా సగంలో నాలుగు లైన్లు పట్టాయి. మధ్య మధ్య పక్కకి ఒరిగిన గీతలు ఉంటే వాటిని కూడా అలాగే గీశాను. సాయంత్రం సుశీల టీచర్ చూసి, "ఏంటి నాగమణీ, అప్పుడే ఇంగ్లీషులోకి దిగావే! ముందు ఒత్తులు సరిగ్గా పెట్టడం నేర్చుకో" అని నవ్వి సంతకం పెట్టింది. తేదీ వేసింది.

ఇక మా అమ్మాయి సంగతి. పేరు సునీత. అప్పుడు బాపట్లలో హాస్టల్లో ఉండి ఎంసీఏ చదువుతోంది. ఆఖరి సంవత్సరం. హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, కానీ చదువు పూర్తయినట్టు కాగితం చూపించాలి. దానికి ప్రాజెక్టు వైవా ఒక్కటే మిగిలింది, ఆ వచ్చే సోమవారం. ఆ రోజు ప్రాజెక్టు పనిచేయకపోతే మళ్లీ ఆరు నెలలకి గాని వైవా ఉండదు. ఉద్యోగం ఆరు నెలలు ఆగదు.

ప్రాజెక్టు ఏమిటంటే, ఫోన్‌లో తెలుగు అక్షరాలు దిద్దించే ప్రోగ్రాం. నాలాంటి వాళ్ల కోసం. అప్పట్లో మామూలు ఫోన్లలో తెలుగు వచ్చేది కాదు, గళ్లు గళ్లుగా కనపడేది. అందుకని తెలుగు అక్షరాలు బొమ్మలుగా గీసే ప్రోగ్రాం ఒకటి ఎవరో బయటివాళ్లు రాసిపెడితే, దాన్ని తెచ్చి తన ప్రోగ్రాంకి జోడించాలి. దాన్ని లైబ్రరీ అంటారట. లైబ్రరీ అంటే పుస్తకాలుండాలి కదా అని నేనడిగితే రజియా మేడం, "ఇంట్లో రుబ్బుకోకుండా రుబ్బిన పిండి తెచ్చుకుని అట్లేసుకోమా నాగమణమ్మా, అలాంటిది" అంది. నాకు అర్థమైంది.

బుధవారం నుంచి కాలేజీ ల్యాబ్ మూసేశారు. గురువారం సునీత తెనాలి వచ్చింది. ఇన్‌స్టిట్యూట్ నడిపే మా సార్ నాలుగో నంబరు సిస్టం వాడుకోమన్నారు. ఫోన్ ప్రోగ్రాంలు రాసే సరంజామా ఆ ఒక్కదాంట్లోనే ఎక్కించి ఉంది. అక్కడ లైబ్రరీ జోడించగానే ఎర్రటి లైన్లు మొదలయ్యాయి. లైబ్రరీలో ఫలానా పని చేసే ముక్క లేదంటుంది కంప్యూటర్. సునీత తెరిచి చూస్తే ఉంది.

"కళ్లెదురుగా కనపడతా ఉంటే లేదంటాదేంటి మేడం ఇది!" అని తల పట్టుకుంది.

"అరుస్తావేంటే, దానికి చెవుల్లేవు. మళ్లీ జోడించు" అంది రజియా మేడం.

మళ్లీ జోడించింది. లైబ్రరీని మళ్లీ మొదటి నుంచి ఇంటర్నెట్‌లో దించుకుంది. శుక్రవారమంతా అదే పని. ఒకటి సరిచేస్తే ఇంకో పది వచ్చేవి. రజియా మేడం తనకి తెలిసినవన్నీ చేసింది. ఎవరికో ఫోన్ చేసి అడిగింది. వాళ్లు చెప్పినవీ చేశారు. శనివారం మధ్యాహ్నానికి సునీత ఆ ప్రాజెక్టు మొత్తం పక్కన పెట్టేసి కొత్తది మొదలుపెట్టింది. దానికి పేరు పెట్టమని కంప్యూటర్ అడిగితే, విసుగొచ్చి ఇంగ్లీషు అక్షరాల్లో 'చివరిసారి' అని కొట్టింది. అందులోనూ అవే ఎర్ర లైన్లు.

ఆదివారం ఇన్‌స్టిట్యూట్‌కి సెలవు. తాళం నా దగ్గరే కాబట్టి తీసి కూర్చున్నాం. రజియా మేడం ఇల్లు దగ్గరే, ఆవిడ కూడా వచ్చింది. సునీత ముఖం చూస్తే నాకు భయం వేసింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినా ఏడ్చే పిల్ల కాదు. ఆ రోజు కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా తెర చూస్తూ కూర్చుంది.

"అమ్మా, ఏదన్నా కాగితం ఇయ్యి. ఈ ఎర్రలైన్లన్నీ ఒకచోట రాసుకుంటా" అంది.

నా నోట్‌బుక్ ఇచ్చాను. తెల్ల పేజీ కోసం తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. తర్వాత పుస్తకం నా ముందు పెట్టి వేలు చూపించింది.

"అమ్మా, ఇది ఎప్పుడు రాశావ్?"

మంగళవారం రాశానని చెప్పాను.

"నిన్న రాసుంటావ్. నా వెనకాల నిలబడి నా తెర చూసి."

"లేదే. మంగళవారమే. కింద టీచర్ సంతకం చూడు."

సంతకం చూసింది, తేదీ చూసింది. ఆ తర్వాతి పేజీలు తిప్పింది. బుధవారం రేపల్లె బస్సు బోర్డు, గురువారం మందుల షాపు సంచి మీద రాత, శుక్రవారం సినిమా పోస్టరు, అన్నిటి కిందా ఆకుపచ్చ సంతకాలు, తేదీలు వరసగా ఉన్నాయి. మధ్యలో పేజీ అతికించినట్టు గాని, చించినట్టు గాని లేదు.

రజియా మేడం పుస్తకం తీసుకుని చదివింది. నేను రాసిన నాలుగు లైన్లలో రెండు చోట్ల 'చివరిసారి' అని ఉంది. మంగళవారం నాటికి ఆ పేరు లేదు. అసలు సునీత తెనాలి రానే లేదు.

మిగతావి కంప్యూటర్‌కి ఇచ్చే ఆజ్ఞలట. మొదటి రెండు లైన్లలో ఉన్నది, నాలుగో నంబరు సిస్టంలో ఎక్కడో లోపల ఒక చోటు. అక్కడున్న ఫైల్ తీసేయమని. తర్వాతి రెండు లైన్లు, కొత్త లైబ్రరీని 'చివరిసారి'లో ఫలానా చోట పెట్టమని. నాకు వాళ్లు చెబితే తెలిసిందే.

సునీత ఆ చోటు తెరిచింది. అక్కడ అదే లైబ్రరీ పాత కాపీ ఒకటి ఉంది. ఎప్పుడో ఎవరో విద్యార్థి పెట్టి వదిలేసినట్టుంది. కంప్యూటర్ ముందు అక్కడే చూస్తుందట. పాతది దొరకగానే దాన్నే పట్టుకుని, అందులో లేని ముక్క లేదని చెబుతోంది. మూడు రోజులుగా వీళ్లు కొత్తదాన్ని ఎన్నిసార్లు మార్చినా అది చూసింది పాతదాన్నే. ఆ చోటు ప్రాజెక్టుకి సంబంధం లేనిది కాబట్టి ఎవరూ అక్కడ వెతకలేదు.

పాతది తీసేసింది. నా నోట్‌బుక్‌లో ఉన్నట్టే కొత్తది పెట్టింది. ఒక్క ఎర్ర లైను కూడా రాలేదు. రజియా మేడం తన ఫోన్‌లోకి ఎక్కించి చూసింది. గాజు మీద రాసినట్టు తెలుగు 'అ' కనపడింది. ఎవరమూ సంతోషంగా అరవలేదు. సునీత నా చెయ్యి పట్టుకుంది.

"ఏ సిస్టంలో చూశావ్ నాగమణమ్మా?" అని అడిగింది రజియా మేడం.

ఆరో నంబరు అన్నాను. ఆవిడ కుర్చీలోంచి లేచి వెళ్లి ఆ పెట్టె మూత తీసి చూపించింది. లోపల ఒక అర ఖాళీగా ఉంది. అందులో ఉండాల్సిన డిస్క్ చెడిపోయి, ఆ మంగళవారానికి ముందటి శుక్రవారమే బాగుచేయడానికి విజయవాడ పంపించారట. అది లేకుండా తెర మీదకి అలాంటి రాత రాదట. బ్యాటరీ కూడా ఆ గదికి పది నిమిషాలకి మించి రాదట. నేను చూసింది కరెంటు పోయిన గంటన్నరకి.

"బజారులో ఎవరికీ చెప్పకండి" అంది ఆవిడ. "నేను ఇక్కడే ఉద్యోగం చేసుకోవాలి."

సోమవారం సునీతతో నేను కూడా బాపట్ల వెళ్లాను. కాలేజీ వరండాలో కూర్చున్నాను. ప్రోగ్రాం బాగా పనిచేసిందట. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు లైబ్రరీ జోడించడంలో ఏం ఇబ్బంది వచ్చిందని అడిగి, పాత కాపీ సంగతి చెప్పగానే, "అక్కడ చూడాలని నీకెలా తట్టిందమ్మా? నాకైతే వారం పట్టేది" అన్నాడట.

"మా అమ్మ చూపించిందండి."

"మీ అమ్మగారు ఏం చదివారు?"

"రెండో వాచకం చదువుతోందండి."

లోపల నవ్వులు నాకు వరండాలోకి వినపడ్డాయి. వేళాకోళం అనుకున్నారు. పాసైంది. నెల తిరక్కుండా హైదరాబాదులో చేరింది.

ఆ తర్వాత నేను ఊరికే కూర్చోలేదు. సుశీల టీచర్‌ని అడిగాను. ఇంగ్లీషు రాసినందుకు నన్ను ఆటపట్టించిన రోజు ఆవిడకి గుర్తుంది, మంగళవారమే అంది. నేనెక్కడన్నా పుస్తకంలో చూసి రాశానేమోనని రజియా మేడం ల్యాబ్‌లో పుస్తకాలన్నీ తిరగేసింది. లైబ్రరీ పేరు ఒక దాంట్లో దొరికింది. 'చివరిసారి' ఎందులో దొరుకుతుంది? కరెంటు పోయిన మధ్యాహ్నాలు ఆరో నంబరు ముందు చాలాసార్లు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తెరలో నా ముఖం తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత ఆ తెర అమ్మేశారు.

సునీత ఇప్పుడు అదే పని చేస్తోంది. ఫోన్ ప్రోగ్రాంలకి బయటి లైబ్రరీలు జోడించడం, వచ్చిన తప్పులు సరిచేయడం. తన దగ్గరికి ఇలాంటివి రోజూ వస్తాయట. ప్రతిదానికీ చివరికి ఒక కారణం దొరుకుతుంది, నీదానికే దొరకలేదు అంటుంది. మొదట్లో తరచు మాట్లాడుకునేవాళ్లం. తర్వాత మానేశాం.

కిందటిసారి వచ్చినప్పుడు మాత్రం, చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, ఆ నాలుగు లైన్ల కింద ఇంకేమన్నా ఉందా?"

అన్నేళ్లలో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. నేనూ అనుకోలేదు. తెర కళ్ల ముందుకి తెచ్చుకున్నాను.

"ఉందమ్మా. తెర అడుగు దాకా ఉంది."

"మరి రాసుకోలేదేం?"

పేజీ అయిపోయిందని చెప్పాను. రోజుకి పేజీయే కదా రాయమన్నారు. లేచి మిగతా గది తుడుచుకున్నాను. తుడిచి వచ్చేసరికి తెర ఆరిపోయి ఉంది.

సునీత మళ్లీ చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది. కింద రాసున్నవి కూడా దాని కోసమేనా, మరెవరి కోసమన్నా రాసినవా, నాకు తెలియదు. వాటి అవసరం ఎప్పుడు పడిందో, ఇంకా పడలేదో కూడా తెలియదు.