వదిన వైపు అడుగులు

మా వదిన పోయింది. ఆ రోజు పొద్దున్నే రేపల్లె నుంచి అన్నయ్య ఫోన్ చేసి, "మీ వదిన లేవట్లేదమ్మా" అన్నాడు. బద్ధకిస్తోందేమో అనుకున్నాను. నిద్రలోనే గుండె ఆగిందట.

ఆమె అక్కడ బడిలో టీచరు. శనివారం వస్తే పాసింజరెక్కి తెనాలి వచ్చేది, నాతో కలిసి జంట డాన్సు నేర్చుకోవడానికి. మా ఆయన రానన్నాడు, అన్నయ్యకు సిగ్గు. దాంతో మేమిద్దరమే జంటయ్యాం. "ఇక్కడ నీ మొగుణ్ణి నేనేనే, మాట్లాడకుండా చెయ్యి పట్టుకో" అనేది.

మేం కొత్తవాళ్లమూ కాదు, బాగా వచ్చినవాళ్లమూ కాదు. అలాంటి సమయంలో మాస్టారు, "ఇంక నా స్టెప్పులు చాలండి, మీరే సొంతంగా ఒకటి కట్టుకోండి" అన్నారు. బాపట్లలో జరగబోయే తన కూతురి పెళ్లి విందులో వేసి తీరాలంది వదిన. కానీ ఒక అడుగు బాగుంటే తర్వాతది దానికి అతికేది కాదు.

ఓసారి మా డాబా మీద ఉతికిన చీరలు మడతపెడుతున్నాం. మీకూ అలవాటే కదా, చెరో కొసా పట్టుకుని లాగడం, దులపడం, దగ్గరకొచ్చి కొసలు అందించడం. "ఇదేనే మన డాన్సు! ఇన్నేళ్లుగా వేస్తూనే ఉన్నాం" అంది. క్లాసులో చీర లేకుండా అదే వేసి చూపించాం. వదిన మాత్రం అలవాటుగా వంగి, కింద వేలాడే మడత అందుకోబోయింది. "ఏం పడిపోయిందండి?" అంటూ మాస్టారు నేలంతా వెతికారు. నవ్వలేక చచ్చాం. ఆ పొరపాటును డాన్సులో అలాగే ఉంచేశాం.

తప్పినప్పుడల్లా, "మళ్లీ వేద్దాం, చీరేమన్నా చిరిగిందా ఏంటి" అనేది. ముగింపు ఒక్కటే కుదరలేదు. "నాకొకటి తట్టింది, వచ్చేవారం చెప్తాలే" అంది. వచ్చేవారానికి ఆమెను సమాధిలో దించాం. మళ్లీ కలుసుకుంటామని పాస్టరు గారు చెప్పారు. నాకు నమ్మకం కలగలేదు, ఇప్పటికీ లేదు.

మొన్న అన్నయ్య మా ఇంటికొచ్చాడు. కాఫీ ముట్టలేదు. "మీ వదిన అడుగులు నాకు నేర్పమ్మా, పెళ్లిలో దాని బదులు నేను వేస్తాను" అన్నాడు.

లేచి చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు తెలిసింది, ఆమె అడుగులు నాకు రావని. ఆమె చెయ్యి నన్ను ఎప్పుడు తాకుతుందో తెలుసు. అందుకు ముందు ఏ కాలు వేసేదో తెలియదు. నేను వేసినవన్నీ నా అడుగులే.

"ముందు ఏ కాలమ్మా?" అన్నాడు అన్నయ్య.

ఒక చెయ్యి నాకిచ్చి, రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని, వాటినే చూస్తూ అన్నయ్య అలాగే నిలబడ్డాడు.