బాల్కనీ కింద భోజనం

పెద్ద మేస్త్రి పోయారన్న కబురు అందినప్పుడు నా చేతిలో నీళ్ళ గొట్టం ఉంది. గాంధీపురం వెనక వీధిలో మేము కడుతున్న ఇంటికి ఆయన చివరిసారిగా పోసిన బాల్కనీని తడుపుతున్నాను. దాని మీద సిమెంటుతో ఆయనే చిన్న చిన్న గట్లు కట్టి వెళ్ళారు. కొత్త కాంక్రీటు ఎండిపోకుండా ఆ గట్ల మధ్య రెండు పూటలా నీళ్ళు నిలపాలి. నేను ఆ పనిలో ఉండగా ఆయన కోడలు ఫోన్ చేసింది.

"అమ్మిణీ, మామ పొద్దున లేవలేదు," అంది. అంతే.

నేను గొట్టం కింద పెట్టలేదు. గట్లన్నీ నిండేదాకా నింపి, కుళాయి కట్టేసి, అప్పుడు కూర్చున్నాను. నీళ్ళు సగంలో వదిలేశానని తెలిస్తే నన్ను ముందుగా తిట్టేది ఆయనే.

మాది తమిళ ఊరు, నేను చదివింది తమిళ బడిలో. ఈ తెలుగు అక్షరాలు పెద్దయ్యాక ఫోన్‌లో చూసి నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి. ఆయన గురించి మాత్రం ఈ భాషలోనే రాయాలి. మేమిద్దరం మాట్లాడుకున్నది ఇందులోనే.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. నాన్న మార్కెట్లో మూటలు మోస్తారు. అమ్మ నేను పుట్టకముందు నుంచీ ఇళ్ళు కట్టే చోట ఇసుక తట్టలు మోసింది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా అయ్యాక ఒక కట్టడాల కంపెనీలో అప్రెంటిస్‌గా చేరాను. పగలంతా సైట్‌లో పని, సాయంత్రం కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పార్ట్‌టైమ్ డిగ్రీ. పొద్దున చేతులతో చేసింది సాయంత్రం పుస్తకంలో చదవాలి, పుస్తకంలో చదివింది మర్నాడు చేతులకు చెప్పాలి. చేరుతున్నానని చెప్పిన రోజు అమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది.

"తట్ట మోయకూడదని నిన్ను చదివిస్తే, చదువుకొని మళ్ళా ఇసకలోకే పోతుండావా?"

"నేను మోయనమ్మా, లెక్క చూస్తాను."

"ఆ, ఎండ మాత్రం ఇద్దరికీ ఒగటే," అంది.

నా మొదటి సైట్ కారమడై దారిలో ఒక కళ్యాణ మండపం. కూలివాళ్ళది హిందీ, గోడలు కట్టే కొత్తనార్లది తమిళం, ఇంజనీర్లది ఇంగ్లీషు. నన్ను కడ్డీలు లెక్కపెట్టమన్నారు. ఏ భాషలో చదివినా నాకు లెక్క మాత్రం ఇంటి భాషలోనే వస్తుంది. "ముప్పై ఒకటి, ముప్పై రెండు" అని గొణుక్కుంటూ పోతుంటే పైనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏ అమ్మిణీ! మనోళ్ళేనా నువ్వు?"

గోడ పక్కన కట్టిన సరుగుడు కర్రల మీద ఒక ముసలాయన, నేల మీద కూర్చున్నంత నిమ్మళంగా కూర్చుని ఉన్నారు.

"అవును తాతా."

"సరి, నిలిపేసినావేమి? ఎంచు, ఎంచు. ముప్పై మూడు."

ఆ రోజు నుంచి ఆయన నాకు తాత, నేను ఆయనకి అమ్మిణి; మా వైపు ఆడపిల్లని అలా పిలుస్తారు. సైట్‌లో అందరికీ పెద్ద మేస్త్రి.

ఆయనకి చదవడం రాదు. సంతకం చేయాల్సిన చోట వేలిముద్ర వేసేవారు. కానీ ఆయన పనిని చూసే తీరు నేను చూశాను. తడి కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని కింద నుంచి కర్రలు మోస్తాయి. కాంక్రీటు పోసే రోజు ఆయన అందరికంటే ముందు వచ్చి, ఆ కర్రల మధ్య వంగి నడుస్తూ, ఒక్కొక్కదాన్నీ చిన్న సుత్తితో తట్టేవారు. వంద కర్రల్లో ఒక్కటి వదులుగా ఉంటే ఆ చప్పుడు దగ్గర ఆగిపోయేవారు. నాకు అన్నీ ఒకేలా వినపడేవి. ఆయన వెనకే తిరిగాను, ఆరు నెలలు. ఒకరోజు ఒక కర్ర దగ్గర నాకూ ఏదో తేడాగా వినిపించింది. తలెత్తి ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే నవ్వుతున్నారు.

మట్టం చూడడానికి కంపెనీ లేజర్ యంత్రం ఇచ్చినా, ఆయన పక్కన నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం పట్టుకొని మరోసారి సరిచూసేవారు. "నీళ్ళకి మేస్త్రీ లేడు, ఇంజనీరూ లేడు. ఎవరికీ భయపడదు. దాన్ని అడుగు," అనేవారు.

ఆయన అలవాట్లలో నన్ను ఎక్కువగా కట్టిపడేసింది ఒకటుంది. బాల్కనీకి ముందువైపు స్తంభాలు ఉండవు. గోడను పట్టుకొని గాల్లోకి చాచిన చెయ్యి లాంటిది. కింద కర్రలు తీసేసిన రోజు అది మొదటిసారి తన బరువు తాను మోస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం ఆయన తన టిఫిన్ బాక్సు తీసుకొని, సరిగ్గా ఆ బాల్కనీ కింద, అంచుకి దగ్గరగా, గోనెసంచి పరుచుకొని కూర్చునేవారు. పెరుగన్నం, దబ్బకాయ ఊరగాయ. ఒక్క మెతుకు మిగలకుండా, తొందర లేకుండా తినేవారు. సైట్ మొత్తం చూస్తుండేది.

"హెల్మెట్ అయినా పెట్టుకో మేస్త్రీ," అని కాంట్రాక్టరు అరిచేవారు.

"ఇది పడితే ఆ టోపీ ఆపుతాదా?" అని ఆయన ఇంకో ముద్ద పెట్టుకునేవారు.

డిగ్రీ రెండో ఏడాది క్లాసులో బాల్కనీల పాఠం వచ్చింది. మామూలు పైకప్పులో ముఖ్యమైన కడ్డీలు అడుగున ఉంటాయి, బాల్కనీలో పైన ఉండాలి. కారణం ఆ సాయంత్రమే నాకు అర్థమైంది. మర్నాడు పొద్దున టీ దగ్గర ఆయన్ని అడిగాను.

"తాతా, బాల్కనీకి కడ్డీలు పైన పెడతారు కదా, ఎందుకు?"

"మా మేస్త్రి పైన పెట్టమన్నాడు, పెట్టినాను. ఆయనకి ఆయన మేస్త్రి చెప్పినాడు. ఏల?"

ఆయన పుట్టింది ఉడుమలైపేట తోటల్లో. అందుకని కొబ్బరిమట్ట పోలిక చెప్పాను. మట్ట చెట్టు నుంచి బయటికి చాచుకొని ఉంటుంది. చివర బరువు పడితే కిందికి వంగుతుంది. వంగేటప్పుడు దాని పైభాగం సాగుతుంది, అడుగుభాగం నొక్కుకుపోతుంది. కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది, సాగదీస్తే పగులుతుంది. సాగే చోట కడ్డీ ఉండి పట్టుకోవాలి. ఆ చోటు పైన.

ఆయన గ్లాసు కింద పెట్టారు. తర్వాత తన చెయ్యి ముందుకు చాచి, ఇంకో చేత్తో దాని పైభాగాన్ని, మోచేతి నుంచి భుజం దాకా తడిమి చూసుకున్నారు.

"నలబై ఏండ్లు పెట్టినాను. ఇప్పుడు తెలిసినాది," అన్నారు. ఆ రోజంతా కనిపించిన ప్రతివాడినీ ఆపి, చెయ్యి చాచి, కొబ్బరిమట్ట కథ చెప్పారు. హిందీవాళ్ళకి కూడా తెలుగులోనే చెప్పారు.

ఇక నా తప్పు గురించి రాయాలి. అది రాయకపోతే ఇది రాయడం దండగ.

కళ్యాణ మండపం ముందువైపు పెద్ద బాల్కనీ పోసే రోజు. పొద్దున నేను కడ్డీలన్నీ చూశాను. పైన ఉండాల్సినవి పైనే, కుర్చీలు అని మేము పిలిచే వంచిన ఇనుప ముక్కల మీద నిలబడి ఉన్నాయి. కాగితం మీద సంతకం చేశాను. ఆ సాయంత్రం నాకు పరీక్ష. కాంక్రీటు లారీ వచ్చాక ఒక మూల నిలబడి నోట్సు చదువుకుంటున్నాను. ఆ గంటలో పనివాళ్ళు పైపులు లాగుతూ కడ్డీలను తొక్కుతూ అటూ ఇటూ నడిచారు. కుర్చీలు ఒరిగిపోయాయి. కడ్డీలు అడుగుకి దిగిపోయాయి. వాటి మీద కాంక్రీటు పడింది.

పెద్ద మేస్త్రి వచ్చి తడి కాంక్రీటులో తాపీ గుచ్చారు. అంగుళం లోతులో ఇనుముకి తగలాలి. తాపీ పిడి దాకా దిగింది. ఇంకోచోట గుచ్చారు. మళ్ళీ దిగింది.

"అమ్మిణీ, ఇట్ల రా," అన్నారు. తాపీ నా చేతికి ఇచ్చారు. నేనే గుచ్చాను. నా అరచేతికి ఏమీ తగల్లేదు. ఆ ఖాళీ నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాంట్రాక్టరు పరుగున వచ్చారు. ఆయన కూడా తెలుగువారే, కోపం వస్తే మాత్రం తమిళంలోకి వెళ్ళిపోతారు. "ఎన్న మేస్త్రీ? లారీలో కాంక్రీటు తిరుగుతోంది, ఆపేదేమిటి?" అని అరిచారు.

పెద్ద మేస్త్రి నా వైపు చూశారు.

"ఈడ పెండ్లికొడుకు వచ్చినాడంటే నూరు మంది ఆడోళ్ళు బిడ్డల్ని చంకనెత్తుకొని ఒగే అంచున నిలబడి తొంగి చూస్తారు. సంతకం నీది. చెప్పు, పోయాలా, ఆపాలా?"

ఆయన నన్ను వెనకేసుకొస్తారనుకున్నాను. తప్పు తన మీద వేసుకుంటారనుకున్నాను. ఆయన అలా చేయలేదు.

"ఆపండి," అన్నాను. "తీసేయాలి. అంతా తీసేయాలి."

"వినినారు గదా," అని ఆయన ముందుగా మోకాళ్ళ మీద కూర్చుని తడి కాంక్రీటు చేతులతో ఎత్తడం మొదలుపెట్టారు. నేనూ కూర్చున్నాను. అమ్మ మోసిన తట్టలాంటి తట్టలతోనే ఎత్తిపోశాం. కడ్డీలు పైకి లేపి, కుర్చీలు బిగించి కట్టి, నడవడానికి పలకలు వేసి, మళ్ళీ పోశాం. ఈసారి నేను తాపీ గుచ్చుతూ చివరిదాకా నడిచాను. ప్రతిచోటా ఇనుము తగిలింది. అయ్యేసరికి పరీక్ష అయిపోయింది. ఆ సబ్జెక్టు తప్పి అరియర్ పడింది. అమ్మకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆరు నెలల తర్వాత రాసి గట్టెక్కాను.

కర్రలు తీసిన రోజు ఆయన ఎప్పటిలాగే గోనెసంచి పరిచారు. ఈసారి రెండు పరిచారు.

"రా అమ్మిణీ, కూర్చో."

కడ్డీలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. నా చేత్తో గుచ్చి చూసినవే. అయినా ఎండలో నిలబడి, "నేను తినేశాను తాతా," అన్నాను. నా టిఫిన్ బాక్సు మూత కూడా తియ్యలేదని ఆయనకి కనిపిస్తూనే ఉంది.

"సరి. ఇంగోనాడు తిందువులే," అన్నారు. రెండో గోనెసంచి మడిచి పక్కన పెట్టుకొని ఒక్కరే తిన్నారు. ఆ తర్వాత ఎన్నో బాల్కనీలు పోశాం. ప్రతిసారీ రెండు సంచులు పరిచేవారు, ప్రతిసారీ నాకు ఏదో ఒక పని ఉండేది. ఆయన ఒక్కసారి కూడా బలవంతం చేయలేదు.

ఈ చివరి బాల్కనీ చిన్నది. కాంక్రీటు పోయడానికి ముందు రోజు ఆయన కాంక్రీటుకి అడుగున పరిచిన చెక్క పలకల మీద, అంచుకి కాస్త లోపలగా, సన్నటి చెక్కముక్క ఒకటి కొట్టారు. దానివల్ల బాల్కనీ అడుగున ఒక గాడి పడుతుంది. వాన నీళ్ళు అంచు దాటి గోడవైపు పాకకుండా ఆ గాడి ఆపుతుంది. "నీళ్ళు గూడా యాడ ఆగాలో తెలియక లోపలికి వస్తాదమ్మా. దానికి గుర్తు పెట్టాల," అన్నారు. ఆయన నాకు చెప్పిన ఆఖరి పనిమాట అదే.

వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య, అవ్వ, నా చెయ్యి పట్టుకొని, "నువ్వేనా ఆ అమ్మిణి? మా పిల్లకి 'ఏల' అనేది తెలుసు అని ఊరంతా చెప్పినాడు," అంది. ఆయన ఎప్పుడూ ఆ మాట నాతో అనలేదు.

బాల్కనీ పోసి మూడు వారాలు నిండాయి. మొన్న కర్రలు తీశారు. కాగితం మీద సంతకం నాదే. చివరి కర్ర పక్కకి పడ్డాక పనివాళ్ళెవరూ కదల్లేదు. అలవాటు. అందరూ ఆ కింది జాగానే చూస్తున్నారు.

"ఇప్పుడు ఎవరమ్మా కూర్చునేది?" అని కాంట్రాక్టరు మెల్లగా అన్నారు. ఎగతాళి కాదు.

సిమెంటు గది మూలన ఆ రెండు గోనెసంచులు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. రెండూ తెచ్చి పరిచాను. ఒకదాని మీద కూర్చుని టిఫిన్ బాక్సు మూత తీశాను. ఒక ముద్ద తిన్నాను. ఇంకో ముద్ద పెట్టుకున్నాను. తల పైకెత్తి చూశాను. కొత్త కాంక్రీటు అడుగున పలకల చారలు అచ్చులా పడి ఉన్నాయి. నేను పొద్దున నింపిన నీళ్ళు పైనుంచి అంచు దాటి సన్నగా లోపలికి పాకుతున్నాయి. ఒక బొట్టు గాడి దాకా వచ్చి, అక్కడ ఆగి, మెల్లగా లావై, నా ఎదురుగా ఉన్న ఖాళీ సంచి మీద పడింది.