నాగేంద్రుడికి కళ్లు పోయిన రోజు

నా చిన్నప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టిన జంతువు ఐర్లండ్‌లో లేదని మా మనవరాలు ఈమధ్యే చెప్పింది. "యు ఆర్ గ్రాండ్, తాతయ్యా" అని ధైర్యం కూడా చెప్పింది. డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌లో పుట్టిన పిల్ల, అలాగే అంటుంది.

అప్పట్లో మా నాన్న డార్జిలింగ్ కొండల్లో ఒక తేయాకు తోట ఆసుపత్రిలో కాంపౌండరు. ఆ చలిలో చుట్టుపక్కల ఎక్కడా పాముపుట్ట లేదు. నాగుల చవితి మాత్రం వచ్చింది. అమ్మ రెండు రోజులు వెతికి, ఇంటి వెనక చెట్టు మొదట్లో ఒక కన్నం కనిపెట్టింది. అక్కడి నుంచి నేల సన్నగా ఉబ్బి, పక్క చెట్టు దాకా గీతలా పోయింది. దేవుడికి అంతకంటే మంచి చిరునామా ఉండదని తేల్చింది.

పాలచెంబు మోసే పని నాది. పూజయ్యేదాకా ఎవరూ ఏమీ ముట్టకూడదు. నాకు ఏడేళ్లు. నియమాలంటే గౌరవం ఉండేది, ఆకలంటే ఇంకొంచెం ఎక్కువ. ఇంటి మలుపులో రెండు గుక్కలు తాగాను. ఎంగిలి పాలు పోసినవాళ్లను నాగేంద్రుడు కాటేస్తాడని అమ్మే చెప్పింది. పోసేది అమ్మ అని నాకు చెంబు ఆమె చేతికిచ్చాక గుర్తొచ్చింది.

చెప్పేలోపే అమ్మ పోసింది. కన్నం గుటకలు వేసింది. కాసేపటికి ఆ ఉబ్బిన గీత వణుకుతూ, తిన్నగా అమ్మ పాదాలవైపు వచ్చింది. కొంగు పట్టుకుని లాగాను. అమ్మ భక్తిలో ఉంది, కదల్లేదు.

మట్టి చీల్చుకుని వచ్చింది పాము కాదు. పాలలో తడిసిన నల్లని మఖమల్ ముద్ద. ముందు గులాబీరంగు అరచేతులు. కళ్లు ఉండాల్సిన చోట బొచ్చే. అది నేల కింద సొరంగాలు తవ్వుకుని బతికే మోల్ అనీ, పుస్తకాల్లో రెండు వాక్యాలకు మించి దొరకని హిమాలయ జాతి అనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒకటే. నా ఎంగిలికి నాగేంద్రుడు ఇలా అయిపోయాడు. కళ్లు కూడా పోయాయి.

అమ్మ కేకపెట్టి లోపలికి పరుగెత్తింది. ఆమె వదిలేసిన చెంబు పట్టుకుని నేను అక్కడే ఉండిపోయాను. ఊరినుంచి వచ్చి ఉన్న మా తాతయ్య ఆ జీవిని కండువాతో తుడిచి, కన్నం దగ్గర వదిలి, నా ముఖం చూశాడు.

"ఏం చేశావురా?"

"రెండు గుక్కలు తాగాను తాతయ్యా. అమ్మని కరుస్తాడా?"

ఆయన చెంబు అడుగున మిగిలిన పాలు ఎత్తి తాగేశాడు.

"ఇప్పుడు ఇద్దరం దొంగలమే. వస్తే పెద్ద దొంగ దగ్గరికే ముందు రావాలి. పో, చలిమిడి తిను."

అది ఏదో ఎలుకజాతి అని చెప్పి ఉండవచ్చు. చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదు. భయం పోలేదు, అమ్మ మీదనుంచి తాతయ్య మీదికి మారింది. వారం రోజులు ఆయన చెప్పులు నేనే దులిపి ఇచ్చాను. కానీ అన్నం సహించింది.

తర్వాత డబ్లిన్‌లో ముప్పై ఏళ్లు డాక్టరుగా చేశాను. కుర్ర డాక్టర్లు ఏదో పొరపాటు చేసి, పాలిపోయిన ముఖంతో నా గది గుమ్మంలో నిలబడేవారు. ఏం కాదులే అని ఎవరికీ చెప్పలేదు, ఏదో ఒకటి అయ్యేది కాబట్టి. రోగి బంధువుల దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం పద అనేవాణ్ణి. ముందు నేనే నడిచేవాణ్ణి, మోకాళ్లు వణుకుతూ. ఆ రోజు తాతయ్యవీ వణికే ఉంటాయి. పంచెలో తెలియలేదు.