కాలువలో పుట్టి తనిఖీ

1978లో నన్ను ఆదోని నుంచి ఎమ్మిగనూరు సెక్షనుకు సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. సూపర్‌వైజరంటే ఇంజనీర్లలో అట్టడుగు మెట్టు. తుంగభద్ర దిగువ కాలువలో కొన్ని మైళ్లు, దాని తూములు, వాటిని తెరిచి మూసే లస్కర్లు నా అధీనంలో ఉండేవి. నీళ్లు రాకపోతే తిట్లు కూడా నాకే వచ్చేవి.

ఏ తూము ఏ రోజు తెరవాలో రాసిన వరస కాగితం ఒకటి మా ఆఫీసు గోడకు అంటించి ఉండేది. కాలువ గట్టున దాన్ని చదివినవాడు లేడు. పైఊళ్ల వాళ్లు నీళ్లలోకి దొంగ పైపులు దించి ఆయిలింజన్లతో లాగేవారు. నేను పోయి పీకించేవాణ్ణి. నా సైకిలు మలుపు తిరగ్గానే మళ్లీ దించేవారు.

నందవరం అవతల చివరి తూము కింద ఖాసీం సాయిబుకు మూడెకరాల వేరుశనగ, అక్కడి మాటలో బుడ్డలు, ఉండేది. రెండు రోజులకోసారి వచ్చి, వాడిన మొక్క ఒకటి పీక్కొచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. గొంతు పెంచేవాడు కాదు.

“బుడ్డలు ఊరే యాళ సార్. ఒక్క తడి ఇప్పించు. వారం దాటితే పశువులకే అది.”

ఆ మొక్కలు పారేయడానికి నాకు చేతులు వచ్చేవి కావు. ఎండిపోయి ఫైళ్ల మీదే పడి ఉండేవి.

ఆ రబీలో మాకు కొత్త ఈఈ గారు వచ్చారు. ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, డివిజనంతటికీ పెద్ద. ఆయనకూ నాకూ నడుమ ఇంకో అధికారి ఉంటాడు కనుక, నన్ను తిట్టాలన్నా ఆ అధికారి ద్వారానే తిట్టాలి. ఈ ఈఈ గారు శిక్షణకని ఇంగ్లండు పోయినప్పుడు, అక్కడి కాలువల్లో పొడుగాటి సన్నటి పడవలో వారం రోజులు తిరిగారట. అది మనిషి నడకకన్నా నిదానంగా పోతుందట. వంతెన వంతెనకూ ఆగి టీ తాగుతారట. అట్లా పోతేనే కాలువ గుణం తెలుస్తుందట.

వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది: ‘సెక్షనును పడవ మీద తనిఖీ చేస్తాం. నీటి లోతు నాలుగడుగులకు తగ్గరాదు.’ అప్పుడు కాలువలో ఉన్నది రెండడుగులు. గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకున్నాను.

పడవ దొరకలేదు. మంత్రాలయం దగ్గర నదిలో పుట్టి నడిపే తిమ్మప్పను పిలిపించాను. పుట్టి అంటే వెదురుతో అల్లి కింద తోలు కుట్టిన గుండ్రటి తెప్ప. దాన్ని ఎద్దుల బండి మీద తెచ్చాడు.

ఇక లోతు. లస్కర్లకు ఒక్క మాటే చెప్పాను: ఈఈ గారు ఈసారి గట్టు మీద రారు, నీళ్లలోనే వస్తారు, పైపు మొదలు ఎక్కడుందో ఆయనకే తగులుతుంది. ఆ మాట బస్సుకన్నా ముందు పైఊళ్లు చేరింది. పైపులన్నీ జొన్నచొప్ప వాముల్లోకి పోయాయి. లస్కర్లు తూములను కాగితం ప్రకారం మూశారు. రెండు రోజుల్లో గేజీ నాలుగడుగులు చూపింది. కాగల కార్యం గంధర్వులే తీర్చారు.

ఈఈ గారు పుట్టిలో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను గట్టు మీద నోటుపుస్తకంతో నడిచాను. పుట్టి తిరగడం మొదలుపెట్టింది. ఆయన నన్ను చూసి మొదలుపెట్టిన మాటను అవతలి గట్టున మేసే బర్రెలకు పూర్తి చేసేవారు. నేను సగం రాసుకునేవాణ్ణి. తిన్నగా నడపమని తిమ్మప్పను కసిరారు.

“గుండ్రంగుండేదానికి ముందేది, ఎనకేది సార్? పోతాండాం గదా,” అన్నాడు తిమ్మప్ప.

కాలువ మెట్టుగా దిగే చోట నలుగురు లస్కర్లు పుట్టిని నెత్తిన పెట్టుకుంటే, ఈఈ గారు గొడుగుతో వెనక నడిచారు. ప్రతి వంతెన దగ్గరా టీ అయింది. సైకిలు మీద ఒక పూట పని మూడు రోజులు పట్టింది.

నీళ్లు మాత్రం ఆయనకన్నా ముందే చివరి తూముకు చేరాయి. ఖాసీం సాయిబు బురద కాళ్లతో గట్టున నిలబడి సలాం చేశాడు.

“మల్లా ఎప్పుడొస్తారు సార్, పుట్టిలో?”

ఈఈ గారు పొంగిపోయారు. తనిఖీ రిపోర్టులో ‘చివరి తూము వరకు నీరు పుష్కలం, రైతుల ఫిర్యాదుల్లో నిజం లేదు’ అని రాశారు. చదివితే నాకు ఒళ్లు మండింది. ఆ మర్నాడే పైపులు వాముల్లోంచి బయటికొచ్చాయి. పదిహేను రోజులకు నా బల్ల మీద మళ్లీ వాడిన మొక్క.

“కాయ పట్టింది సార్. ఇంకొక్క తడి లేకుంటే తాలే.”

నేను తిమ్మప్పకు కబురు పెట్టాను. పైఊళ్ల వంతెన పక్కన పుట్టిని బోర్లించి పెట్టించి, దాని మీద ఒక మడత కుర్చీ వేయించాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఈఈ గారు ఎప్పుడొస్తారని అడిగినవాళ్లకు తెలియదన్నాను, అది నిజమే. సాయంత్రానికి కాలువలో పైపు లేదు.

నెల దాటాక ఖాసీం సాయిబు మళ్లీ ఒక మొక్క తెచ్చి బల్ల మీద పెట్టాడు. వేళ్ల నిండా కాయలు.

“ఇది ఫిర్యాదు గాదులే సార్, తిను,” అన్నాడు.

ఆ తర్వాత ఎన్నో కాలువల మీద పనిచేశాను. ఎమ్మిగనూరులో నేర్చుకున్నదే చివరిదాకా పాటించాను. నీళ్లు పారాలంటే తనిఖీకి ముందుగా చెప్పి పోవాలి. నిజం తెలియాలంటే చెప్పకుండా పోవాలి.