వాకిలి దాకా నేర్చిన వైద్యం

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మా నాయినకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయింది. నల్లగొండ దవాఖానలో ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపారు. రోజూ తీసుకొచ్చి కసరత్తు చేయించమన్నారు. పానగల్ అవతల ఉన్న మా దళితవాడ నుంచి, లేవలేని మనిషిని రోజూ ఎట్లా తేవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అమ్మ పని మానేస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

మా ఊరి పటేలుకు అంతకుముందే పక్షవాతం వచ్చింది. ఆయనకు కసరత్తు చేయించే డాక్టరు నల్లగొండ నుంచి బండి మీద ఇంటికే వచ్చేవాడు. అమ్మ ఆ ఇంటి వాకిలి ఊడ్చేది. అరుగు మీద ఆయన చెయ్యి ఎట్లా ఎత్తుతున్నారో, వేళ్లు ఎట్లా విప్పుతున్నారో ఓరకంట చూసి, పొద్దూకినాక నాయినకు అచ్చం అట్లాగే చేసేది.

"ఏమే, ఊడ్సిందే ఊడుస్తున్నవ్?" అని ఒకసారి పటేలు భార్య గద్దించిందట. "ఆకులు రాలుతున్నయమ్మా" అందట అమ్మ. ఆ వాకిట్లో ఉన్నది ఒక్క తులసి మొక్క. ఈ సంగతి చెబితే నాయిన వంకరపోయిన మూతితోనే నవ్వాడు.

నాకు మాత్రం ఒళ్లు మండేది. "గిట్ల చాటుంగ సూసుడెందుకే, ఆ డాక్టరునే అడుగరాదు?" అన్నాను.

"అడిగి కాదనిపిచ్చుకునుడెందుకు బిడ్డా. నాకు సూసుడు సాలు."

నిజంగానే చాలింది. నాయిన లేచి కూర్చున్నాడు. కొన్నాళ్లకు గోడ పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ సంబరంగా ఆయన బుగ్గ గిల్లి, నేను చూశానని సిగ్గుపడింది. వాళ్లిద్దరూ ఆ రోజు నాకెంత ముద్దొచ్చారో! ఇక అడుగు తీయడమే మిగిలింది.

అంతలో పటేలు కాలికి సత్తువ వచ్చింది. డాక్టరు ఆయన్ని ఇంట్లోకి తీసుకుపోయి, మేడ మెట్ల మీద నడక నేర్పడం మొదలుపెట్టాడు. మా వాడ వాళ్లు ఆ గడప దాటకూడదు. ఇప్పటికీ దాటరు.

ఆ సాయంత్రం అమ్మ నాయిన కాళ్ల దగ్గర కూలబడింది. "లోపటికి తోల్కపోయిండ్రు. ఇగ నాకేం కనవడ్తలేదు. నిన్నెట్ల నడిపియ్యాలె?" అని వెక్కివెక్కి ఏడ్చింది.

నాయిన ఎడమ చేత్తో ఆమె తల నిమిరాడు. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఆడ... మెట్లెక్కుడు నేర్పుతుండ్రా?"

అమ్మ తలూపింది.

"మనకు... మెట్లు యాడున్నయే?" అంటూ నాయిన గోడ పట్టుకుని లేవబోయాడు. అమ్మ ఏడుస్తూనే భుజం అందించింది.